ఫాల్ కలర్స్‌ను హెచ్‌డీఆర్‌లో తీయడం: కాంకమాగస్ దారిలో మొదటి క్లిక్ నుంచి చివరి ఎడిట్ దాకా

న్యూ హాంప్‌షైర్ కొండల్లో మొదటిసారి ఫాల్ కలర్స్ (ఆకులు రాలేముందు చెట్లకు వచ్చే రంగులు) తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టినప్పుడు మా పెద్దమ్మ ఒక్కటే మాట రాసింది: "సెలూన్‌లో అద్దం పక్కన అంటించే సీనరీలా ఉందిరా." నొచ్చుకున్నాను కానీ ఆవిడ అన్నది నిజం. ఆకాశం నెమలికంఠం రంగులో ఉంది, చెట్ల చుట్టూ తెల్లటి అంచు మెరుస్తోంది, మేపుల్ ఆకులేమో ప్లాస్టిక్ దండలా ఉన్నాయి. హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) చేద్దామని ఒకే దృశ్యాన్ని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ వెలుగుతో మూడు ఎక్స్‌పోజర్లు తీసి, సాఫ్ట్‌వేర్‌లో కలిపి, కనిపించిన ప్రతి స్లైడర్‌నీ కుడి చివరిదాకా లాగాను మరి.

తప్పు హెచ్‌డీఆర్‌ది కాదు. రంగులు పెంచడానికి దాన్ని వాడటం నా తప్పు. దాని పని వేరు. ఒక్క క్లిక్‌లో కెమెరా పట్టుకోలేనంత వెలుగునీడల తేడా ఉన్నప్పుడు, దాన్ని రెండు మూడు క్లిక్‌లలో పట్టుకుని ఒకే ఫొటోలో సర్దుతుంది. అంతే. రంగు సంగతి చెట్టు చూసుకుంటుంది. ఆ సీజన్‌లో చెట్టుకు మన సాయం అక్కర్లేదు. అది ఇచ్చిన రంగు మన చేతుల్లో పాడవకుండా ఇంటికి తెచ్చుకోవడమే ఇక్కడ పని.

ఈ ఆలోచన 1850లలోనే ఉంది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక నెగెటివ్‌లో, మబ్బుల్ని ఇంకో నెగెటివ్‌లో తీసి రెండింటినీ ఒకే కాగితం మీద ప్రింట్ చేసేవాడు. సముద్రానికి సరిపడా వెలుగు ఇస్తే ఆకాశం తెల్లబారిపోయేది, ఆకాశానికి సరిపెడితే నీళ్లు నల్లబడేవి. ఈ రోజు మన తిప్పలూ అవే, కాకపోతే నీళ్ల బదులు అడవి.

ఎక్కడ, ఎప్పుడు

అమెరికా ఈశాన్యంలో ఫాల్ కలర్స్‌కు చోట్లు కోకొల్లలు. నేను ఎక్కువసార్లు తిరిగింది కాంకమాగస్ హైవే కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే ఇస్తాను. వైట్ మౌంటెన్స్‌లో లింకన్ నుంచి కాన్వే దాకా వెళ్లే రూట్ 112 అది, సుమారు 34 మైళ్లు. దారిలో పెట్రోల్ బంకు లేదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ట్యాంకు నింపుకుని, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరండి. దారిలో అన్నిటికంటే ఎత్తైన కనుమ ఎత్తు దాదాపు 2,850 అడుగులు. అక్కడి చెట్లు ముందు రంగు మారతాయి, కింద కాన్వే వైపువి కొన్ని రోజులు ఆగి మారతాయి. అందుకే "పీక్ (రంగులు నిండుగా ఉండే దశ) అయిపోయిందట" అని ఎవరైనా అంటే కంగారు పడకండి. కొండ మీద అయిపోతే లోయలో ఉంటుంది. మామూలుగా సెప్టెంబర్ చివరి వారం నుంచి అక్టోబర్ రెండో వారం దాకా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

చాలా ఏళ్లలో మన దసరా కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంది. మన కవులకు శరత్తు అంటే వెన్నెల, ఆకులు రాలేది శిశిరంలో. ఇక్కడ శరత్తులోనే ఆ పని అయిపోతుంది. అక్టోబర్ రెండో సోమవారం సెలవు కాబట్టి ఆ లాంగ్ వీకెండ్‌లో న్యూజెర్సీ, బోస్టన్ నుంచి మనవాళ్లు కూడా పులిహోర డబ్బాలతో సహా అక్కడే ఉంటారు. ఫొటోలే ముఖ్యమైతే ఆ మూడు రోజులు వదిలేసి మధ్యలో ఒక మంగళవారమో బుధవారమో సెలవు పెట్టండి. ఓవర్‌లుక్‌లో (లోయ కనిపించేలా దారి పక్కన కార్లు ఆపే చోటు) కారు ఆపడానికి చోటు దొరకడం కూడా ఫొటోగ్రఫీలో భాగమే.

ఆకు ఎందుకు రంగు మారుతుందో కాస్త తెలిస్తే ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. పగళ్లు పొట్టిబడగానే ఆకులోని పత్రహరితం విరిగిపోతుంది. పసుపు, నారింజ ఇచ్చే కెరోటినాయిడ్లు ఆకులో ముందే ఉంటాయి, పచ్చదనం తప్పుకోగానే బయటపడతాయి. బర్చ్ చెట్ల పసుపు అదే. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారయ్యేది. ఆకులో చిక్కుబడ్డ చక్కెరల నుంచి, ఎండ సాయంతో ఆంథోసయనిన్ పుడుతుంది. పగలు ఎండ, రాత్రి చలి ఉన్న ఏడాది ఎరుపు బాగా రావడానికి కారణం అదే. ఒకే మేపుల్ చెట్టులో ఎండ తగిలే పైకొమ్మలు ఎర్రగా, లోపలి కొమ్మలు పసుపుగా ఉంటాయి చూడండి. ఎరుపు కావాలంటే ఎండ పడే వైపు వెతకాలి. ఎండ పడే వైపు అంటే వెలుగు తేడాలూ అక్కడే ఎక్కువ, అంటే హెచ్‌డీఆర్ అవసరమూ అక్కడే.

అసలు హెచ్‌డీఆర్ కావాలా?

ఇది అడక్కుండా మొదలుపెట్టడం వల్లే సగం ఫొటోలు పాడవుతాయి. మబ్బు పట్టిన రోజు, ఫ్రేములో ఆకాశం లేకుండా అడవి లోపలికి చూస్తున్నారనుకోండి. అక్కడ వెలుగు తేడా ఐదారు స్టాప్‌లు మించదు (ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం). ఇప్పటి మంచి కెమెరాలు బేస్ ఐఎస్‌ఓలో (వెలుగుకు సున్నితత్వాన్ని అన్నిటికంటే తక్కువలో పెట్టినప్పుడు) 12 నుంచి 14 స్టాప్‌ల దాకా పట్టుకుంటాయి. ఒక్క రా ఫైల్ (సెన్సర్ పట్టినదంతా కుదించకుండా దాచే ఫైల్) చాలు. వాన పడి వెలిసిన మబ్బు రోజు ఇంకా మేలు, తడికి ఆకు రంగు చిక్కగా కనిపిస్తుంది. అలాంటి రోజు హెచ్‌డీఆర్ ఊసే ఎత్తకండి.

కావాల్సిన సందర్భాలు నాకు తెలిసి నాలుగు. సూర్యుడు ఎదురుగా ఉండి ఆకుల వెనక నుంచి వెలుగు వస్తున్నప్పుడు. సగం లోయ ఎండలో, సగం కొండనీడలో ఉన్నప్పుడు. చీకటి చోటి నుంచి బయటికి చూస్తున్నప్పుడు, అంటే కవర్డ్ బ్రిడ్జ్ (పైకప్పున్న వంతెన) లోపలి నుంచో గుహలాంటి సందు నుంచో. పొద్దు పొడిచేటప్పుడో కుంకేటప్పుడో ఆకాశం మండుతూ, అడవి ఇంకా చీకట్లో ఉన్నప్పుడు. అక్టోబర్ మొదట్లో అక్కడ దాదాపు ఉదయం 6:45కి తెల్లవారుతుంది, సాయంత్రం 6:15 ప్రాంతంలో పొద్దు గూకుతుంది. సాయంత్రానికైతే కనుమకు పడమటి వైపున్న పెమిగెవాసెట్ ఓవర్‌లుక్ నాకు ఇష్టం.

అనుమానంగా ఉంటే కొలవండి. కెమెరాను స్పాట్ మీటరింగ్‌లో (ఫ్రేములో ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి, వివరాలు పోకూడదనుకునే అతి ప్రకాశవంతమైన చోట షటర్ వేగం ఎంత చూపిస్తుందో చూడండి. తర్వాత నీడలో, కనిపించి తీరాలనుకునే చోట చూడండి. మధ్యలో ఎన్నిసార్లు రెట్టింపు అయిందో లెక్కపెడితే అన్ని స్టాప్‌లు. ఐదు లోపైతే ఒక్క ఫొటో. ఏడు, అంతకంటే ఎక్కువైతే బ్రాకెటింగ్, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో వరసగా తీయడం. కెమెరా పరిధి ఇంతకంటే ఎక్కువే, కానీ ఒక్క ఫైల్‌లో నీడల్ని బాగా లేపితే చుక్కచుక్కల గరుకు (నాయిస్) వస్తుంది. ఆరు దగ్గర ఉంటే బ్రాకెట్ చేసి పెట్టుకోండి, వాడాలా వద్దా ఇంటికెళ్లాక చూసుకోవచ్చు.

సామాన్లు

ట్రైపాడ్, రా తీసే కెమెరా, రిమోట్ ఉంటే రిమోట్, లేకపోతే 2 సెకన్ల టైమర్ చాలు. స్పేర్ బ్యాటరీ జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి, పొద్దున్నే సున్నా డిగ్రీల దగ్గర ఉండే చలిలో బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది. ఇవి కాక, ఫాల్ కలర్స్‌కు నేను తప్పనిసరి అనేది ఒక్కటే: సర్క్యులర్ పోలరైజర్. ఆకు మీద మైనపు పూతలాంటి పొర ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది, దాంతో ఎర్రటి ఆకు కూడా తెల్లబారినట్టు కనిపిస్తుంది. పోలరైజర్ తిప్పుతుంటే ఆ మెరుపు పోయి కింది రంగు బయటపడుతుంది. ఎడిటింగ్‌లో ఏ స్లైడరూ ఈ పని చేయలేదు, ఎందుకంటే మెరుపు కింద రంగు ఫైల్‌లోకి చేరనే లేదు. దీనివల్ల ఒకటిన్నర రెండు స్టాప్‌ల వెలుగు పోతుంది. సూర్యుడికి లంబకోణంలో చూస్తున్నప్పుడు దీని ప్రభావం ఎక్కువ. అందుకే వైడ్ లెన్స్‌తో ఆకాశం ఎక్కువ పెడితే ఒకవైపు ముదురు నీలం, ఇంకోవైపు లేత నీలం వస్తుంది. అలాంటప్పుడు సగమే తిప్పండి. ఒకసారి తిప్పి పెట్టాక బ్రాకెట్ మొత్తం అయ్యేదాకా ముట్టుకోకండి.

కెమెరా సెట్టింగులు

మాన్యువల్ మోడ్ లేదా అపెర్చర్ ప్రయారిటీ. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం సైజు) ఎఫ్/8 దగ్గర కట్టేయండి, దగ్గరి రాయి నుంచి దూరపు కొండ దాకా స్పష్టత కావాలంటే ఎఫ్/11. బ్రాకెట్‌లో మారాల్సింది షటర్ ఒక్కటే. అపెర్చర్ మారితే ఫోకస్ లోతు మారుతుంది, ఫ్రేములు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. ఐఎస్‌ఓ 100. ఆటో ఐఎస్‌ఓ ఆపేయండి. ఇది మర్చిపోయి నేను ఒక పొద్దంతా ఒకే ఎక్స్‌పోజర్‌తో మూడేసి ఫొటోలు తీసుకొచ్చాను: షటర్ మారిన ప్రతిసారీ కెమెరా ఐఎస్‌ఓ సర్ది సమానం చేసేసింది. ఫోకస్ ఒకసారి పట్టాక మాన్యువల్‌కు మార్చండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆపడం మంచిది.

వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగ్గట్టు తెలుపును తెలుపుగా చూపే సర్దుబాటు) ఆటోలో వద్దు. ఫ్రేమంతా పసుపు, ఎరుపే ఉంటే కెమెరా అది లైటు దోషమనుకుని నీలం కలిపేస్తుంది, ఆకుల్లో వెచ్చదనం పోతుంది. డేలైట్ గానీ క్లౌడీ గానీ పెట్టండి. రా ఫైల్‌లో తర్వాత మార్చుకోవచ్చన్నది నిజమే, కానీ అన్ని ఫ్రేములూ ఒకేలా ఉంటే పని తేలిక, స్క్రీన్ మీద చూసేది కూడా నమ్మేలా ఉంటుంది.

ఎర్ర ఛానెల్: ఇక్కడ కాసేపు ఆగాలి

ఫాల్ ఫొటోల్లో ఎక్కువమంది పోగొట్టుకునేది ఇదే. ఫొటోలో వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫ్ హిస్టోగ్రామ్, దాని కుడి అంచు అంటే పూర్తి వెలుగు. మామూలు తెల్ల హిస్టోగ్రామ్ ఎరుపు, పచ్చ, నీలం మూడు రంగుల్నీ (వీటినే ఛానెళ్లు అంటారు) సమానంగా లెక్కపెట్టదు. మన కన్ను ఎలా చూస్తుందో దానికి తగ్గట్టు పచ్చకు దాదాపు 60 శాతం, ఎరుపుకు 30, నీలానికి 11 చొప్పున ప్రాముఖ్యం ఇస్తుంది. ఎండలో మెరిసే మేపుల్ ఆకులో ఉన్నదంతా ఎరుపే. అది నిండిపోయి పొర్లుతున్నా తెల్ల హిస్టోగ్రామ్ కుడిగోడకు ఎంతో దూరంలో నింపాదిగా కూర్చుని ఉంటుంది. మీరు అంతా బాగుందనుకుంటారు. ఇంటికొచ్చి జూమ్ చేస్తే ఆకులో ఈనెలు ఉండవు. ఎర్ర పెయింట్ పూసిన కాగితం ముక్కలా చదునుగా ఉంటుంది.

పసుపు ఆకులకూ ఇదే బాధ, ఎందుకంటే పసుపులో కూడా ఎరుపు నిండుగా ఉంటుంది. కాబట్టి కెమెరా మెనూలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేసుకోండి. మూడు రంగుల గ్రాఫులు విడివిడిగా కనిపిస్తాయి. బ్రాకెట్‌లో అన్నిటికంటే చీకటి ఫ్రేము తీసుకుని, అందులో ఎర్ర గ్రాఫ్ కుడిగోడను తాకకుండా ఉందో లేదో చూడండి. తాకితే ఇంకో స్టాప్ తగ్గించండి. మిగతా ఫ్రేములు ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఆకుల వివరం ఈ ఫ్రేము నుంచే వస్తుంది. ఇంకో చిట్కా: పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌లో పెట్టండి. కెమెరా చూపించే హిస్టోగ్రామ్ రా నుంచి కాదు, జేపెగ్ ప్రివ్యూ నుంచి వస్తుంది. వివిడ్ స్టైల్‌లో ఉంటే ఎరుపు లేనిపోని భయం పెడుతుంది.

బ్రాకెటింగ్

కానన్‌లో దీన్ని ఏఈబీ అంటారు, నికాన్‌లో బీకేటీ బటన్, సోనీలో డ్రైవ్ మోడ్‌లో బ్రాకెట్. మూడు ఫ్రేములు, రెండేసి స్టాప్‌ల తేడా: చాలా దృశ్యాలకు ఇది సరిపోతుంది. మధ్య ఫ్రేము 1/60 సెకను అయితే చీకటిది 1/250, వెలుగుది 1/15. కంటిన్యువస్ డ్రైవ్‌లో పెట్టి ఒక్కసారి నొక్కితే మూడూ గబగబా పడిపోతాయి. ఎంత త్వరగా పడితే ఆకులు అంత తక్కువ కదులుతాయి. ఒక్కో స్టాప్ తేడాతో ఏడేసి, తొమ్మిదేసి తీసేవాళ్లను చూశాను. అడవిలో అది గాలికి ఇంకాస్త అవకాశం ఇవ్వడం తప్ప మరేమీ కాదు.

లెక్క ఎలా పనిచేస్తుందో ఒక చోట నిలబడి చూద్దాం. ఆల్బనీ కవర్డ్ బ్రిడ్జ్, స్విఫ్ట్ నది మీద 1858లో కట్టిన చెక్క వంతెన. కప్పు, గోడలు ఉండటంతో లోపల పట్టపగలు కూడా చీకటిగానే ఉంటుంది. లోపల నిలబడి అవతలి ద్వారం వైపు చూస్తే, నల్లటి చెక్కల చట్రంలో ఎండ పడిన అడవి మండుతున్నట్టు ఉంటుంది. కన్నుకు రెండూ కనిపిస్తాయి. కెమెరాకు కనిపించవు: ఆకులకు సరిపెడితే వంతెన నల్లటి గుంట, చెక్కకు సరిపెడితే ద్వారంలో తెల్లటి బల్బు.

ఎఫ్/8, ఐఎస్‌ఓ 100లో బయటి ఆకుల మీద స్పాట్ మీటర్ 1/250 చూపించిందనుకోండి, లోపలి చెక్క మీద 1/2 సెకను. తేడా ఏడు స్టాప్‌లు. మీటర్ చూపించేది దేన్నైనా మధ్యస్థ బూడిద వెలుగులోకి తెచ్చే సంఖ్య. ఎరుపు కోసం ఒక స్టాప్ తగ్గించి 1/500 దగ్గర మొదలుపెడతాను. అటు చివర చెక్క బూడిద రంగులో వెలగాల్సిన పని లేదు. అది చీకటి వంతెన, చీకటిగానే అనిపించాలి, చెక్క గీతలు తెలిస్తే చాలు. అంటే 1/2 సెకను దాకా వెళ్లక్కర్లేదు, 1/8 సరిపోతుంది. కాబట్టి 1/500, 1/125, 1/30, 1/8. నాలుగు ఫ్రేములు. కెమెరాలో ఐదు ఫ్రేముల ఆప్షన్ ఉంటే 1/30ని మధ్యలో పెట్టండి, 1/2 ఊరికే వస్తుంది, మూలల్లో నాయిస్ తగ్గించుకోవడానికి పనికొస్తుంది. మూడే ఇచ్చే కెమెరా అయితే 1/125 మధ్యలో ఒక సెట్, 1/8 మధ్యలో ఇంకో సెట్. ఎక్కువగా పడిన ఫ్రేములు తర్వాత తీసేయవచ్చు.

అన్నట్టు, ఆ వంతెన మీద కార్లు వస్తాయి. ట్రైపాడ్‌ను గోడవారగా పెట్టండి, పిల్లలు వెంట ఉంటే ఒక కన్ను వాళ్ల మీద ఉంచండి.

గాలి

ఆకుల హెచ్‌డీఆర్‌కు అసలు శత్రువు వెలుగు కాదు, గాలి. ఒక ఫ్రేములో కొమ్మ ఇక్కడుంటుంది, ఇంకో ఫ్రేములో అంగుళం పక్కకు జరుగుతుంది. కలిపితే ఒకే ఆకుకు రెండు మూడు నీడలు వస్తాయి. దీన్నే గోస్టింగ్ అంటారు. సాఫ్ట్‌వేర్ సరిచేస్తుందని అంటారు, కొంత చేస్తుంది కూడా, కానీ లక్ష ఆకులు లక్ష వైపులకు కదిలితే దేనికీ చేతకాదు.

పొద్దున్నే వెళ్లండి, ఎండ ఎక్కకముందు గాలి తక్కువగా ఉంటుంది. గాలి ఎప్పుడూ ఒకే తీరుగా వీచదు, విసురుకీ విసురుకీ మధ్య కాస్త తెరిపి ఉంటుంది. కెమెరా సిద్ధంగా పెట్టుకుని, ఫ్రేములో అన్నిటికంటే పల్చటి కొమ్మను చూస్తూ ఉండండి. అది ఆగగానే నొక్కండి. ఒక్క సెట్‌తో సరిపెట్టకుండా అదే దృశ్యం నాలుగైదు సార్లు తీసి, ఇంట్లో మంచిది ఏరుకోండి. అప్పటికీ కుదరకపోతే ఐఎస్‌ఓ 400కు పెంచండి, అన్ని షటర్లూ నాలుగింతలు వేగం అవుతాయి. కాస్త నాయిస్ వస్తుంది, రానివ్వండి. గోస్ట్ కంటే నాయిస్ నయం.

గాలి ఆగనే ఆగదనుకోండి, హెచ్‌డీఆర్ మానేయండి. ఎర్ర ఛానెల్ పొర్లకుండా ఒక్క రా తీసి, ఇంట్లో నీడల్ని పైకి లేపండి. బేస్ ఐఎస్‌ఓలో మూడు స్టాప్‌ల దాకా ఇప్పటి సెన్సర్లు ఓర్చుకుంటాయి.

నీళ్లు ఉంటే పని కాస్త మారుతుంది. సబ్బడే ఫాల్స్ దగ్గరో రాకీ గార్జ్ దగ్గరో 1/250 ఫ్రేములో నీటి చుక్కలు గడ్డకట్టి ఉంటాయి, 1/2 సెకను ఫ్రేములో పాలధారలా ఉంటాయి. రెండూ కలిస్తే పెరుగు విరిగినట్టు ఉంటుంది. నీళ్లకు మాత్రం ఒక్క ఫ్రేమునే వాడాలని ముందే తీర్మానించుకోండి. ఫొటోషాప్‌లో మాస్క్ (ఎంచుకున్న చోటికే మార్పును పరిమితం చేసే పొర) వేసి ఆ ఒక్కదాని నీళ్లనే మిగతా దృశ్యం మీద పెట్టుకోవాలి.

ఫోన్‌తో అయితే

ఐఫోన్, పిక్సెల్ లాంటివి మనం అడక్కపోయినా ప్రతి క్లిక్‌కీ చాలా ఫ్రేములు తీసి లోపలే కలిపేస్తాయి. కాబట్టి ఫోన్‌లో విడిగా హెచ్‌డీఆర్ యాప్ పెట్టుకుని దాని మీద ఇంకోసారి చేయకండి. మీరు చేయాల్సింది ఒక్కటే: ఎండ పడిన ఆకు మీద వేలు నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కొద్దిగా కిందికి జరపండి. ఆకులో ఈనెలు కనిపించేదాకా. నీడల సంగతి ఫోన్ చూసుకుంటుంది.

ఇంట్లో: కలపడం

నేను లైట్‌రూమ్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాను. ఫ్రేముల్ని ఎంచుకుని కంట్రోల్, హెచ్ నొక్కితే హెచ్‌డీఆర్ మెర్జ్ కిటికీ వస్తుంది. ఆటో అలైన్ ఆన్‌లో ఉంచండి. ఆటో సెట్టింగ్స్ ఆఫ్ చేయండి, లేకపోతే అది ముందే నీడలన్నీ లేపేసి మీ కన్నును పాడుచేస్తుంది. డీగోస్ట్ దగ్గర ఏమీ వద్దు, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని నాలుగు ఉంటాయి. ముందు ఏమీ వద్దుతో కలిపి, ఆకాశాన్ని ఆనుకుని ఉన్న చిటారు కొమ్మల్ని 100 శాతంలో చూడండి. రెండేసి కనిపిస్తే తక్కువ పెట్టండి. ఓవర్లే ఆన్ చేస్తే సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ సరిచేస్తోందో ఎర్రగా చూపిస్తుంది. ఎక్కువ పెడితే ఆ చోటంతా ఒకే ఫ్రేము నుంచి తీసుకుంటుంది కాబట్టి నీడల్లో నాయిస్ మరకలు రావచ్చు. అన్నిటికీ మందు అదే అనుకోకండి.

వచ్చే ఫైల్ డీఎన్‌జీ. ఇది మామూలు రా లాంటిదే, కాకపోతే ఎక్స్‌పోజర్ స్లైడర్ ఐదు స్టాప్‌ల బదులు పది స్టాప్‌ల దాకా అటూ ఇటూ జరుగుతుంది. డబ్బు పెట్టకూడదనుకుంటే హుగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ బాగుంటుంది. అది అసలు హెచ్‌డీఆర్ ఫైల్ తయారుచేయదు. ప్రతి ఫ్రేములోనూ బాగా పడిన భాగాల్ని ఏరి నేరుగా కలిపేస్తుంది. ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ అనే ఈ పద్ధతిని టామ్ మెర్టెన్స్, మరో ఇద్దరు కలిసి 2007లో ప్రకటించారు. ఇందులో అతి చేయడం కష్టం. కొత్తవాళ్లకు నేను ముందు దీన్నే చెబుతాను.

టోన్ సర్దడం

వరస ముఖ్యం. ముందు వైట్ బ్యాలెన్స్. బర్చ్ బెరడు తెల్లగా ఉంటుంది కదా, ఎండలో ఉన్న బెరడు కొంచెం వెచ్చటి తెలుపులో కనిపించేలా చూసుకోండి. తర్వాత మొత్తం ఎక్స్‌పోజర్. తర్వాత హైలైట్స్ తగ్గించండి, ఆకాశంలో మబ్బు ఆకారం వచ్చేదాకా. చివరికి షాడోస్. ఇక్కడే చేయి ఆపుకోవాలి. నీడ అన్నది ఉండాలి. అడవి లోపలంతా వెలిగిపోతుంటే ఎండ ఎటు నుంచి వస్తోందో కన్నుకు తెలియదు, అప్పుడే బొమ్మలా అనిపిస్తుంది. నా లెక్క ఇది: షాడోస్ లేపాక బ్లాక్స్ కాస్త కిందికి లాగి, ఫ్రేములో ఎక్కడో ఒకచోట నిజమైన నలుపు మిగిలేలా చూస్తాను.

కొండ అంచు ఆకాశాన్ని తాకే చోట 100 శాతంలో చూడండి. తెల్లటి అంచు కనిపిస్తే అది హేలో. క్లారిటీ, డీహేజ్, షాడోస్ ముగ్గురూ కలిసి చేసే పని అది. క్లారిటీని ఫొటో అంతటికీ వేయకుండా మాస్క్‌తో రాళ్లకో చెట్టు బెరడుకో వేయండి. ఆకులకు వద్దు, గీరినట్టు గరుకుగా అవుతాయి.

నీలాకాశం కింద నీడలో ఉన్న భాగం నీలంగా ఉంటుంది. మామూలు ఫొటోలో అది చీకట్లో కలిసిపోయేది. హెచ్‌డీఆర్‌లో నీడలు లేవగానే నీలమూ లేస్తుంది, ఎర్రటి ఆకులు రాలిన నేల ఊదాగా మారుతుంది. నీడ మీద మాస్క్ వేసి టెంపరేచర్ కొద్దిగా వెచ్చబరచండి. పూర్తిగా పోగొట్టకండి, నీడలో కొంచెం చల్లదనం సహజం.

రంగులు

శాచురేషన్ (రంగు గాఢత) స్లైడర్ ముట్టుకోకండి. కావాలంటే వైబ్రెన్స్ (అలాంటిదే, కాస్త నెమ్మది) 10 దాకా. అసలు పని రంగుల ప్యానెల్‌లో ఉంది, అక్కడ కూడా పెంచడం కంటే విడదీయడం ముఖ్యం. కెమెరా ప్రొఫైళ్లు తరచూ ఎరుపును నారింజ వైపు, నారింజను పసుపు వైపు లాగుతాయి, అడవి అంతా ఒకే మిరపకాయ బజ్జీ రంగులోకి వస్తుంది. ఎరుపు హ్యూను (రంగు ఛాయ) కొంచెం ఎరుపు వైపుకే, పసుపు హ్యూను కొంచెం పచ్చ వైపుకు జరిపితే మేపుల్, బర్చ్ విడివిడిగా కనిపిస్తాయి. ఎరుపు ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) ఐదు పది తగ్గిస్తే ఆకు చిక్కబడుతుంది, ఈనెలు తేలతాయి. శాచురేషన్ పెంచి సాధించాలనుకునేది చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

మధ్యలో ఉన్న స్ప్రూస్ చెట్ల పచ్చదనాన్ని వదిలేయకండి. పక్కన పచ్చ ఉంటేనే ఎరుపు ఎరుపులా కనిపిస్తుంది. కొందరు ఆ పచ్చను కూడా పసుపులోకి మార్చేసి "పీక్" చూపిస్తారు, అక్కడికి వెళ్లొచ్చినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇవన్నీ అయ్యాక ఫైల్ మూసేసి పడుకోండి. నేను నిజంగానే చెబుతున్నాను. గంటసేపు ఎర్రటి ఫొటో చూసిన కన్ను దానికి అలవాటు పడి ఇంకా కావాలంటుంది. పొద్దున్నే తెరిస్తే ఎక్కడ అతి చేశారో మొదటి రెండు సెకన్లలో కనిపిస్తుంది. నాకు దాదాపు ప్రతిసారీ వైబ్రెన్స్ సగానికి సగం తగ్గించాల్సి వస్తుంది.

బయటికి పంపడం

వెబ్‌కీ ఫోన్లకీ ఎస్‌ఆర్‌జీబీలో (వెబ్‌లో వాడే మామూలు రంగుల పరిధి) ఎక్స్‌పోర్ట్ చేయండి. ముదురు ఎరుపులు, నారింజలు కొన్ని ఆ పరిధిలో పట్టవు, అక్కడ మళ్లీ ఈనెలు మాయమై చదునుగా అవుతాయి. సాఫ్ట్ ప్రూఫింగ్ ఆన్ చేసి ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకుంటే ఏ ఆకులు పట్టడం లేదో చూపిస్తుంది. వాటి వరకు మాస్క్ వేసి శాచురేషన్ కొంచెం తగ్గించండి. ఎక్స్‌పోర్ట్ కిటికీలో హెచ్‌డీఆర్ అవుట్‌పుట్ అని ఒక టిక్ ఉంటుంది, అది వేరే వ్యవహారం: ఎక్కువ వెలుగు ఇవ్వగలిగే స్క్రీన్ల కోసం. మామూలు స్క్రీన్లలో ఎలా కనిపిస్తుందో మీ చేతిలో ఉండదు కాబట్టి చుట్టాలకు పంపే ఫొటోకు ఆ టిక్ తీసేయండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు కుదించడంలో ఆకుల వివరం అలికినట్టు అయిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. మా పెద్దమ్మకు డాక్యుమెంట్ తెరవడం రాదు కాబట్టి ఆవిడకు మాత్రం 4×6 సైజులో ప్రింట్ తీయించి, ఊరికెళ్లే వాళ్ల చేత పంపిస్తున్నాను.